గుర్రానికి ఒడి నింపించిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన కబురు నాకు ఇస్లాపూర్‌లో, మా అమ్మవాళ్లింట్లో ఉండగా అందింది. తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకుంటే పాలు పొంగించడానికి వెళ్లాను. పొద్దున్నే నాందేడ్ నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోయింది" అన్నాడు. చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట. పక్కింటామె వచ్చి పలకరిస్తే పలకలేదట. ఎట్లా, ఎప్పుడు అని అడగాలి కదా. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "బిజిలీకి మేత ఏసిన్రా?"

 "ఏసింది. ఆమెనే ఏసి అచ్చి కూసున్నది" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

చావు కబురు వినగానే గుర్రం మేత సంగతి అడిగిన కోడలు మీకు వింతగా కనిపించవచ్చు. మా అత్తమ్మను ఎరిగినవాళ్లకు కనిపించదు. నేనే ముందు పోయి ఉంటే ఆమె కూడా అదే అడిగేది, ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. రైల్లో నాందేడ్ వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆమెను తలుచుకుంటూనే ఉన్నాను. ఆ తలుచుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది నాందేడ్ పాత ఊరు. గోదావరికి దిగే దారిలో ఒక ఇరుకు సందు. ఇంట్లో తెలుగు, సందులో మరాఠీ, బజారుకు పోతే దక్కనీ. మా మామగారు ఒకప్పుడు స్టేషన్ దగ్గర టాంగా నడిపేవారట. ఆటోలు వచ్చాక టాంగాకు గిరాకీ పోయింది. బండి అమ్ముడుపోయింది, గుర్రం మిగిలింది. మిగిలిన గుర్రానికి జరీ గుడ్డ కప్పి, నుదుటికి పూసల పట్టీ కట్టి, పెళ్లికొడుకులను ఎక్కించడం మొదలుపెట్టారు. నేను కాపురానికి వచ్చేసరికి మామగారు లేరు. కళ్లెం పట్టుకుని గుర్రాన్ని నడిపించేది మా ఆయన. దాని కడుపు మాత్రం అత్తమ్మది. అందులో ఎవరి పెత్తనమూ సాగేది కాదు.

అప్పటికే బిజిలీ వచ్చి ఏడాది కావస్తోంది. తెల్లటి ఆడగుర్రం. పేరు బిజిలీయే గానీ నడక చూస్తే కరెంటు పోయినట్టు ఉండేది. నేను నవ్వితే అత్తమ్మ ఊరుకునేది కాదు. "పెండ్లి గుర్రానికి ఉరుకుడెందుకే? పిలగాడు కిందపడితే నువ్వు లేపుతవా?" అనేది.

కొత్తకోడలిగా నా మొదటి పొద్దున ముగ్గు వేయమంటుందనో, చాయ్ పెట్టమంటుందనో అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పెరట్లోని కొట్టంలోకి తీసుకుపోయింది. బిజిలీ పక్కటెముకల వెనక, పొట్ట దగ్గర చూపించి, "ఈడ చెవి పెట్టు" అంది. పెళ్లి చీరలో ఉన్నాను, తలలో పూలు కూడా వాడలేదు. ఈ ముసలమ్మకు మతి ఉందా అనుకుంటూనే చెవి ఆనించాను. లోపల ఎవరో బిందెలోంచి బిందెలోకి నీళ్లు వంచుతున్నట్టు చప్పుడు.

"ఏమన్న ఇనబడ్తుందా?"

"గుడగుడ అంటుంది అత్తమ్మా."

"అనాలె. అన్నంతసేపు ఫికర్ లేదు. సప్పుడు బందయ్యిందనుకో, నేను ఏడున్నా పిలువు."

ఆ రోజు నుంచి నాకు అదే బడి. ఆవు తిన్నదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది, మనిషికి పడకపోతే కక్కేస్తాడు. గుర్రానికి ఆ రెండు దారులూ లేవు. "గుర్రం కక్కలేదు బిడ్డా. లోపటికి పోయింది లోపట్నే తేలాలె. గందుకే పెట్టెటోళ్లే ఆలోచన చేసి పెట్టాలె" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది. నేను "ఎర్కే అత్తమ్మా" అన్నా ఆగేది కాదు.

ఆమె మేత పెట్టే తీరు వేరు. ఒకేసారి గంప నిండా కుమ్మరించి చేతులు దులుపుకోవడం ఆమెకు గిట్టదు. తెల్లవారకముందే కొంచెం ఎండుగడ్డి, అది నమిలాక నీళ్లు, ఆ తర్వాత నరికిన జొన్నచొప్ప. గింజలు చివర్న, అదీ పిడికిలితో, చొప్పలో కలిపి. ముందు గడ్డి పడకుండా గింజ పడితే గుర్రం నమలకుండా మింగుతుందని ఆమె భయం. పని ఉన్న రోజు కొంచెం గింజ ఎక్కువ, ఖాళీగా నిలబడ్డ రోజు తక్కువ. ఎంగిలి అన్నం, పెళ్లింటి పూరీలు, పండుగ బూరెలు, ఏవీ దాని తొట్టి దాపుకు రానిచ్చేది కాదు. మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చుంటే ఆమె లేచి వెళ్లి బిజిలీకి గడ్డి వేసి వచ్చి, అప్పుడు తన కంచం ముందు కూర్చునేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఈ ఇంట్లో గుర్రం తిన్నాక కోడలు తినాలా అని మా ఆయనతో గొడవపడ్డాను. ఆయన నవ్వి, "నేను పుట్టినప్పటి సంది గదే నంబర్ల ఉన్న. నా ఎన్క నిలబడు" అన్నాడు.

ఇక లద్ది సంగతి. పొద్దున్నే ఆమె చీపురు పట్టుకుని కొట్టంలోకి పోయి, ఊడ్చే ముందు లద్ది చూసేది. ఉండలు కింద పడి సగానికి పగిలితే మంచిది. రాళ్లలా ఉంటే నీళ్లు చాలలేదు. జారుగా ఉంటే కొత్త మేత ఏదో పడలేదు. గింజలు గింజల్లాగే కనిపిస్తే పళ్లు అరిగాయి. ఇదంతా నేను ఇడ్లీ తింటుండగా వచ్చి నాకు చెప్పేది. నేను ప్లేటు పక్కన పెట్టేసేదాన్ని. నాకు పిల్లలు పుట్టాక, వాళ్ల విషయంలో నేనూ అదే పని చేస్తూ ఆమెకు దొరికిపోయాను. ఆమె నా వైపు చూసి ముసిముసిగా నవ్వింది, అంతే.

వానలు పడి కొత్త గడ్డి వస్తే ఊళ్లో పశువులన్నిటికీ పండుగ. మా కొట్టంలో మాత్రం పాత ఎండుగడ్డిలో కొత్తది చారెడు కలిపి మొదలయ్యేది. మర్నాడు ఇంకొంచెం. అట్లా పాతది తగ్గుతూ కొత్తది పెరిగేది. పూర్తిగా మారేసరికి పచ్చగడ్డి వాసనకు బిజిలీ కాళ్లు నేలకేసి కొట్టి కొట్టి అలిసిపోయేది. "అమ్మ గడ్డి చూసినట్టు నాకు సంబంధం గూడ చూడలే" అనేవాడు మా ఆయన. నాకు సంబంధం లేని మాట కాదు గనక కోపం నటించేదాన్ని.

ఇంత జాగ్రత్తకు కారణం బిజిలీకి ముందున్న గుర్రం. దాన్ని నేను చూడలేదు. మా దగ్గర పెళ్లికొడుకు గుర్రం ఎక్కే ముందు ఆ ఇంటి ఆడవాళ్లు దానికి నానబెట్టిన శనగలు, బెల్లం చేత్తో తినిపిస్తారు. శుభం అని. ఒక చెల్లెలు పెడితే ఇంకో చెల్లెలు ఊరుకోదు, మేనత్త పెడితే పిన్ని ఊరుకోదు. ఎండాకాలం ముహూర్తాల్లో ఒకే గుర్రం ఒకే రోజు ఇంటింటికీ తిరుగుతుంది. ఆ గుర్రం అట్లా తిరిగి, ప్రతి ఇంట్లో పళ్లెం తిని, సాయంత్రానికి పొట్ట ఉబ్బి, నేల మీద పడి పొర్లి పొర్లి చనిపోయింది. అప్పటికి మామగారు పోయి కొద్దికాలమే అయింది. భర్త పోయిన మనిషి కాబట్టి అత్తమ్మ పెళ్లిళ్లకు వెళ్లేది కాదు.

"ఇంట్ల కూసున్న నాకేం ఎర్కయితది, ఎన్ని పళ్లాలు తిన్నదో. ఆడుంటే ఒక్క చెయ్యి అడ్డం పెట్టకపోదునా" అని నాతో ఒకసారి అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలోని గడ్డిపరకను ముక్కలు ముక్కలుగా తెంపుతోంది.

మరి తినిపించవద్దని చెబితే సరిపోదా అంటారేమో. మా ఆయన చెప్పి చూశాడు. "మా ఇంటి శనగలు మీ గుర్రానికి చేదా?" అన్నారు. ముఖేడ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనైతే శుభమా అని పెళ్లి చేస్తుంటే గుర్రం నోరు కట్టేస్తారా అని, అక్కడికక్కడే ఇంకొకరి గుర్రాన్ని పిలిపించుకున్నాడు. తినిపిస్తే గుర్రం ఉండదు. తినిపించనివ్వకపోతే పిలిచేవాళ్లుండరు. మేం తినేది ఆ గుర్రం మీద. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మ ఈ ముడి దగ్గరే కూర్చుని ఉంది.

ఆ ముడి విప్పింది మా అమ్మ పంపిన ఒడిబియ్యం. పెళ్లయిన ఏడాది మొదటిసారి పుట్టింటికి పోయి వస్తుంటే మా అమ్మ నా కొంగులో బియ్యం, ఎండుకుడుకలు, పసుపుకొమ్ములు పోసి నడుముకు కట్టి పంపింది. ఆ బరువుతోనే రైలు దిగి ఇంటికి వచ్చాను. అత్తమ్మ ముడి విప్పి బియ్యం చాటలో పోసుకుంది. పోసుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, కొట్టం వైపు చూస్తూ కూర్చుంది. నేను కాళ్లు కడుక్కుని వచ్చినా అట్లాగే ఉంది.

"పిల్లా, నీ నోట్ల పెట్టిందా మీ అమ్మ గీ బియ్యం?"

"నోట్ల ఎందుకు పెడ్తది అత్తమ్మా? ఒడిల పోసింది."

"గదే అంటున్న. ఆడిపిల్లకు ఒడిల పోస్తరు. అది గూడ ఆడిదే గద" అని బిజిలీ వైపు గడ్డం చూపించింది.

నాకు అర్థం కాలేదు. ఆమెకు అప్పటికే అంతా అర్థమైపోయింది. మర్నాడు గుర్రం మాట్లాడుకోవడానికి ఒక మరాఠీ కుటుంబం వచ్చింది. పెళ్లికొడుకు తల్లి గద్దరి మనిషి, మా పెరటి గోడ దగ్గర నుంచి కొట్టం కప్పు దాకా అన్నిటికీ వంక పెట్టింది. అత్తమ్మ ఆమెను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, మెల్లగా మొదలుపెట్టింది. మరాఠీలో అన్న మాటలు తెలుగులో చెబుతున్నాను. "అక్కా, నీ కొడుకును మోసేది ఆడిది. దానికి తల్లిగారిల్లు లేదు. ఆడిదాన్ని ఉత్త ఒడితోని పంపుతవా? నోట్ల పెడితే ఒక్క బుక్క, ఆడ్నే అయిపాయె. ఒడిల పోస్తే ఇంటికి తెచ్చుకొని మీ ఇంటి పేరు చెప్పుకుంట వారం తింటది. మా గుర్రం కాడ ముందటి నుంచి గదే పద్ధతి."

ముందటి నుంచి అన్న ఆ పద్ధతికి అప్పటికి ఒక్క రోజు వయసు. నేను తలుపు చాటున చాయ్ గిన్నె పట్టుకుని నిలబడ్డాను, నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పెట్టేశాను. ఆమె మాత్రం రెప్ప కొట్టలేదు. మరాఠీవాళ్లకూ ఈ ఆచారం ఉంది, ఓటీ భరణే అంటారు. ఆ గద్దరి మనిషి చాయ్ పక్కన పెట్టింది. "గుర్రానికి ఓటీ! ఎంత బాగుంది బాయీ" అంది. ఆ తర్వాత కొట్టం కప్పు వంకర గురించి ఒక్క మాట అనలేదు.

అయితే గుర్రానికి కొంగు లేదు కదా. ఆ కొంగు నాదైంది. పెళ్లింటి ముందు బిజిలీ పక్కన దాని తరఫు ముత్తైదువగా నేను నిలబడాలి. బిజిలీ నుదుట బొట్టు పెట్టి, తర్వాత నాకు పెట్టి, తెచ్చిన శనగలు నా కొంగులో పోయాలి. మొదటిసారి నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. బ్యాండువాళ్లు సహా అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయన కళ్లెం పట్టుకుని బిజిలీ మెడ చాటున నవ్వుతున్నాడు. పెళ్లికొడుకు చెల్లెలు మాత్రం తన చేత్తో తినిపించే తీరుతానని పట్టుబట్టింది. దానికీ అత్తమ్మ ముందే ఉపాయం చెప్పి పంపింది. కడిగి తెచ్చిన గరిక ఒక కట్ట ఆ పిల్ల చేతికి ఇచ్చాను. గరిక దేవుడికి పెట్టేదే కదా, ఎవరు కాదంటారు. బిజిలీ ఒక్కొక్క పరక లాక్కుంటుంటే ఆ పిల్ల మురిసిపోయింది.

కొంగులో వచ్చిన శనగలు ఇంటికి తెస్తే అత్తమ్మ ముందు వాసన చూసేది. బూజు వాసన ఏ మాత్రం వచ్చినా పారబోసేది. మంచివి ఎండబెట్టి, మూత డబ్బాలో పోసి, నానబెట్టినప్పుడల్లా గుప్పెడే తీసేది. ఈ వాడకట్టువాళ్ల శనగలు, ఆ వాడకట్టువాళ్ల శనగలు అన్నీ అందులో కలిసిపోయేవి. వారం తిన్నాక ఎవరి ఇంటి పేరు చెప్పాలో బిజిలీకి తెలిసేది కాదు, పాపం.

అత్తమ్మ కూడా పెళ్లిళ్లకు రావడం మొదలుపెట్టింది. రావడమంటే, సందు మొదటిదాకా. నీళ్ల బకెట్, చెంబు పట్టుకుని అక్కడే ఏదో అరుగు మీద కూర్చునేది. పెళ్లికొడుకు గుర్రం ఎక్కే చోటుకు మాత్రం రాదు. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఊరేగింపు అయ్యాక బిజిలీకి ఊపిరి నెమ్మదించేదాకా అటూ ఇటూ నడిపించి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగించేది. నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "నోట్ల ఏమన్న పెట్టిన్రా?" పెళ్లికొడుకు ఎట్లా ఉన్నాడు, ఏం నగలు పెట్టారు, ఏమీ అడగదు. నేనే చెప్పేదాన్ని. వింటూ బిజిలీ చెవి వెనక గోకేది.

ఒకసారి మనసు ఆగక అడిగాను. "అత్తమ్మా, గుర్రానికి ఒక పద్ధతి పుట్టిచ్చినవ్. నీకు గూడ ఒకటి పుట్టియ్యరాదా? ముందటికి అచ్చి నిలబడుదువు."

"నాకెందుకే? ఆడికి రాకపోతే నా కడుపుల శూల లేస్తదా" అని చెంబు కడుక్కుంది. 

నాకు మొదటి కాన్పు దగ్గరపడ్డ ఏడాది ఒక పెళ్లికి వెళ్లలేకపోయాను. ముత్తైదువ ఎవరూ దొరకలేదు. మా ఆయన ఒక్కడే బిజిలీని తీసుకుపోయాడు, అత్తమ్మ సందు మొదట్లో కూర్చుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఒడి కోసం చూశారట. కొంగు లేదు. సరే అని పళ్లెం తెచ్చారట. మా ఆయన వద్దన్నా బ్యాండు మోతలో ఎవరు వింటారు. అత్తమ్మకు దూరం నుంచి కనబడుతూనే ఉంది. ఒక పళ్లెం, వెనకాలే ఇంకో పళ్లెం, ఆ తర్వాత లడ్డూలు. ఆమె లేచింది. ఇంటి పందిరి దాకా గబగబా నడిచింది. అప్పుడే పెళ్లికొడుకు బయటికి వస్తున్నాడు.

"కాళ్లు ఆడ్నే ఆగినయి బిడ్డా. నన్ను ఎవ్వలు ఆపలే. నేనే ఆగిన" అంది నాతో తర్వాత. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఊరేగింపు అయి ఇంటికి వచ్చిన కాసేపటికే బిజిలీ పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకోవడం మొదలుపెట్టింది. కాలు ఎత్తి పొట్టను తన్నుకుంటుంది, మోకాళ్లు వంచుతుంది. అత్తమ్మ చెవి పెట్టింది. తీసి, రెండో వైపు పెట్టింది. "సప్పుడు లేదు" అంది. మా ఆయన పశువుల దవాఖానకు పరిగెత్తాడు. అత్తమ్మ అలవాటు ప్రకారం వాము, నల్ల ఉప్పు, నూనె కలిపి వెదురు గొట్టంలో పోసి పట్టించబోయింది. అప్పుడే డాక్టర్ వచ్చాడు. మరాఠీ అబ్బాయి, నా కంటే చిన్నవాడేమో. "ఆయీ, గొట్టంతో వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి నా దగ్గర దారి ఉంది" అన్నాడు. మా అత్తమ్మ తన మందును అంత తొందరగా ఎవరి మాట మీదా కింద పెట్టి ఎరగదు. ఆ రోజు పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నడూ గొట్టం ముట్టలేదు.

ఆయన నొప్పికి సూది వేశాడు. ముక్కులోంచి సన్నటి పైపు జాగ్రత్తగా కడుపులోకి పంపి గాలి బయటికి తీశాడు, నూనె పంపాడు. అత్తమ్మ బిజిలీ తల పట్టుకుని నిలబడింది. పడి పొర్లనివ్వకుండా మెల్లగా నడిపించమన్నాడు. మధ్యాహ్నమంతా తల్లీకొడుకులు వంతులేసుకుని పెరట్లో నడిపించారు. నేను నిండు పొట్టతో గడప మీద కూర్చుని చూస్తున్నాను. నా కడుపులో బిడ్డ కదులుతుంటే బిజిలీ కడుపులో ఏదైనా కదిలితే బాగుండునని మొక్కుకున్నాను.

పొద్దు వాలుతుండగా డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. దాన్ని తీసి అత్తమ్మ చెవులకు పెట్టాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "గింత మంచిగ ఇనబడ్తదా డాక్టర్ సాబ్" అంది. ఇంకాసేపటికి బిజిలీ తోక ఎత్తి లద్ది వేసింది. అత్తమ్మ ఆ లద్ది ముందు కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రపంచంలో లద్దిని చూసి అంత సంతోషపడిన మనుషులు మేం నలుగురమే అయి ఉంటాం. డాక్టర్ కూడా చాయ్ తాగి గానీ పోలేదు. ఉప్పు గడ్డ ఎప్పుడూ తొట్టి దగ్గర ఉంచమని, ఏటా పళ్లు చూపించమని చెప్పాడు. అత్తమ్మ ఆ రెండు మాటలూ తన మాటల్లో కలిపేసుకుని, మరుసటి వారం నుంచి ఊరందరికీ తన సొంతంలా చెప్పింది.

తర్వాతి ఏళ్లు నిమ్మళంగా గడిచాయి. బిజిలీకి మళ్లీ ఎన్నడూ శూల రాలేదు. నాందేడ్‌లో వేరే గుర్రాలవాళ్లు కూడా తమ ఇంటి ఆడవాళ్లను ఒడి పట్టుకోవడానికి తీసుకురావడం మొదలుపెట్టారు. ఒక పెళ్లిలో ఒక ముసలామె నాతో, "మా నాయనమ్మ కాలం నుంచి గుర్రానికి ఒడి నింపుతం" అంది. ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మరి? పాత పద్ధతే గద" అంది.

ఈ మధ్య అత్తమ్మకు పళ్లు ఊడాయి, బిజిలీకి అరిగాయి. డాక్టర్ వచ్చి బిజిలీ పళ్ల మొనలు ఆకురాయితో రాకి సరిచేసినా, గట్టి చొప్ప నమలడం దానికి కష్టమైంది. గోధుమ పొట్టు తడిపి, గడ్డి సన్నగా నరికి నానబెట్టి పెట్టేది అత్తమ్మ. తనకు జొన్నరొట్టె పాలలో నానబెట్టుకునేది. కొట్టం గడప మీద కూర్చుని ఆమె తన గిన్నె, అది తన తొట్టి. దాన్ని పెళ్లిళ్లకు పంపడం తగ్గించేశాం. దగ్గరి పెళ్లిళ్లు, చిన్న ఊరేగింపులు, అంతే. ఆమె సందు మొదటిదాకా రావడం కూడా మానేసింది, మోకాళ్లు సహకరించక.

ఆమె పోయాక బిజిలీ మేత మానేసిందని రాస్తే బాగుంటుంది. మానలేదు. దినాలన్నీ నేను ఏడుస్తూ పెట్టిన మేత అది చక్కగా తిన్నది. చెవి పెట్టి విన్నాను, గుడగుడ అంటోంది. ఆ చప్పుడు అత్తమ్మకు వినిపించాలని ఎంత అనిపించిందో. ఆమె పేరున పిట్టకు పెట్టిన రోజు కాకి కూడా ఆలస్యం చేయలేదు, పెట్టిన వెంటనే వచ్చి ముట్టింది. మేత వేళకు అందాలన్నది ఆమె పట్టు, తానెందుకు ఆలస్యం చేస్తుంది.

మైల తీరిన తర్వాత మొదటి పెళ్లి మా పక్క వాడలోనే. తెలుగువాళ్లే, పెళ్లికొడుకు చిన్నప్పుడే తండ్రి పోయాడు. బిజిలీని పందిరి ముందు నిలబెట్టాం. పెళ్లికొడుకు మేనత్త శనగల పళ్లెం పట్టుకుని వచ్చింది. నేను కొంగు పట్టాను. పట్టి, ఆమె వెనక ఎవరున్నారా అని చూశాను. లోపలి గది గుమ్మంలో, తలుపు రెక్క వెనక, ఆ పిల్లవాడి తల్లి నిలబడి ఉంది. సగం ముఖమే కనబడుతోంది. కాళ్లు గడపకు ఇవతలికి రావడం లేదు.

నేను కొంగు మూసేశాను. "అక్కా, జెర ఆగు. గుర్రం ఒడి పిలగాని తల్లే నింపాలె" అన్నాను.

మేనత్త ఆగిపోయింది. "గదెప్పటి సంది? మా పెద్దన్న కొడుకుల పెండ్లిల నేనే పోసిన గద, గీ గుర్రానికే."

"మా అత్తమ్మ పద్ధతి అక్కా. పోయేటప్పుడు చెప్పి పోయింది."

పోయేటప్పుడు మా అత్తమ్మ ఏమీ చెప్పలేదు. చాయ్ తాగింది, అంతే. ఆ సంగతి నాకు తెలుసు, కళ్లెం పట్టుకుని ఉన్న మా ఆయనకూ తెలుసు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన బిజిలీ జీను పట్టీ సర్దుతున్నట్టు కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత తల ఎత్తి, "అవును. అమ్మ చెప్పింది" అన్నాడు.

 పెళ్లికొడుకు అప్పటిదాకా మెడలో దండ సర్దుకుంటూ నిలబడ్డవాడు, గిర్రున తిరిగి లోపలికి పోయాడు. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాడు. ఆమె "వద్దు కొడకా, వద్దురా" అంటూనే వచ్చింది. మేనత్త ఒక్క నిమిషం పళ్లెం తన దగ్గరే పట్టుకుంది. ఆ తర్వాత ఆమె చేతుల్లో పెట్టింది. నేను కొంగు చాపాను. ఆ తల్లి కొడుకు వైపే చూస్తూ పోసింది, సగం శనగలు నేల మీద పడ్డాయి. మా ఆయన వాటిని బిజిలీ అందుకోకుండా కాలితో పక్కకు తోశాడు. నేను గరిక కట్ట ఆమెకు ఇచ్చాను. ఆమె ఒక్కొక్క పరకే పెట్టింది, ఆ ముసలి గుర్రం నమిలి మింగేదాకా ఆగి ఇంకో పరక.

బ్యాండు మొదలైంది. కొడుకు గుర్రం ఎక్కాడు. నేను పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను. ఆమె లోపలికి పోలేదు. బిజిలీ మెడ మీద అరచెయ్యి పెట్టి పక్కనే నడవడం మొదలుపెట్టింది. ఊరేగింపు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను, ఆ చెయ్యి అక్కడే ఉంది.